ఖాళీగా లేచిన బుట్ట

1988 ఆగస్టు 23, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా మూడో అంతస్తు కిటికీ ఎదురుగా ఒక ఇనప బుట్ట పైకి లేచింది. అందులో మనిషి లేడు. ఒక నిమిషం అక్కడే నిలిచి, మా ఇంట్లో ఏముందో చూసుకున్నట్టుగా, నెమ్మదిగా కిందికి దిగిపోయింది.

రంగూన్‌లో సమ్మె మళ్ళీ మొదలై అది రెండో రోజు. ఆఫీసులు లేవు, బడులు లేవు. వీధిదీపాల డిపోలో కూడా ఎవరూ పనిలోకి రావడం లేదు. మరి ఆ డిపో వాళ్ళ లిఫ్టు బండి లత పేటలో మా వీధికి ఎందుకొచ్చింది? ఎవరూ ఎక్కని బుట్టను ఎవరి కోసం లేపినట్టు? నేను ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. బడి మూసేశారు కాబట్టి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. నోటుపుస్తకం తీసి తేదీ, గంట రాసుకున్నాను. ఆ రోజే పది గంటలు దాటాక సైనికుల లారీలు రెండు మా వీధి మొగ దాటి వెళ్ళాయి. దాన్ని కూడా ఆ పక్కనే రాశాను.

బుట్టను లేపినాయన పోయిన నెలలో, నదికి అవతల దలాలో, తన ఇంట్లో కన్నుమూశాడు. కబురు తెచ్చింది దానమ్మ. ఆమె మా కింది అంతస్తులోనే ఉంటుంది, మా తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. "ఓలమ్మా, బుట్ట మావ పోనాడంట" అని మెట్ల మీదే చెప్పి, పైకి రాకుండా వెళ్ళిపోయింది. ఇద్దరం ఆ సంగతి ఎక్కువసేపు మాట్లాడుకోలేం. ఎందుకో కింద రాస్తాను.

ఆయన పేరు మాత్రం రాయను. తన పేరు ఎక్కడైనా రాసి ఉండడం ఆయనకు నచ్చేది కాదు. డిపో హాజరు పుస్తకంలో కూడా ఎవరికీ అర్థం కాని గీత ఒకటి గీసేవాడు. అడిగితే, "నానొచ్చినట్టు నాకు తెలుసు. ఆల్లకి తెలవాలంటే కళ్ళెత్తి సూసుకుంటారు" అనేవాడు.

పొట్టి మనిషి. మోకాలి దాకా మడిచి కట్టిన లుంగీ, జేబులో చిన్న సుత్తి. బతుకంతా మనుషుల్ని ఎత్తులకు పంపినవాడు, తాను మాత్రం దేని కిందా నిలబడేవాడు కాదు. మా వీధి ఇళ్ళన్నీ ఐదారు అంతస్తులవి. బాల్కనీల నుంచి కిందికి తాళ్ళు వేలాడుతుంటాయి, తాడు చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరో కూరల సంచో క్లిప్పుకు తగిలించి తాడు కదిపితే పైన గంట మోగుతుంది, పైవాళ్ళు లాక్కుంటారు. ఆ తాళ్ళ కింద ఆయన నడవగా నేను చూడలేదు. వాన పడుతున్నా వీధి నడిమధ్యనే నడిచేవాడు. ఒకసారి మా తాడు పట్టుకుని రెండుసార్లు గట్టిగా గుంజి, పైకి చూసి, "సయామా, మీ తాడు మూడు కూరల సంచులకి ఆగుద్ది. నాలుగోది కట్టకండి" అన్నాడు. బర్మాలో పంతులమ్మను సయామా అంటారు. ఆయన నన్ను ఎప్పుడూ అలాగే పిలిచాడు. ఆ మర్నాడే నేను తాడు మార్చాను. అదేమీ తెగలేదు, అయినా ఆ మాట విన్నాక దాన్ని నమ్మబుద్ధి కాలేదు.

టీ కొట్లో గ్లాసు ముందు బోర్లించి, అంచంతా వేలితో తడిమి, అప్పుడు టీ పోయమనేవాడు. దలా నుంచి ఇవతలికి వచ్చే పడవల్లో మొదటి పడవ ఎక్కేవాడు కాదు. అది ఈ ఒడ్డుకు చేరడం చూసి రెండోది ఎక్కేవాడు. ఆయనకు ఒక మాట అలవాటు. "ముందు కాళీగా ఎల్లనీ." కొత్త పడవకీ అదే, కొత్త పైఅధికారికీ అదే. ఆ ఏడాది జూలైలో, ఇరవై ఆరేళ్ళు దేశాన్ని తలుపులు మూసి ఏలిన పెద్దాయన దిగిపోతున్నానని ప్రకటించాడు. టీ కొట్లో అందరూ చేతులు పట్టుకుని ఊపుకుంటుంటే ఈయన గ్లాసు బోర్లిస్తూ, "దిగినోడి కుర్సీ సూడండి ముందు. ఒకసారి కాళీగా పైకెల్లి కాళీగా దిగితే అప్పుడు నమ్ముదాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఈ మాట ఆయనకు బండి దగ్గర అలవాటైంది. లారీ మీద పొడుగాటి ఇనప చెయ్యి, చెయ్యి చివర నడుం లోతు బుట్ట. బుట్టలో మనిషి నిలబడితే చెయ్యి లేచి దీపస్తంభం తలదాకా తీసుకెళుతుంది. దాన్ని లేపేది గొట్టంలోని నూనె. నూనె ఒత్తిడి జారిపోకుండా పట్టి ఉంచేది గొట్టం లోపలి వాషరు. ఆ వాషరు ఊడితే చెయ్యి కూలుతుంది, చెయ్యితో పాటు మనిషి. అందుకే పనికి ముందు బుట్టను ఒకసారి ఖాళీగా పైకి పంపి, అరవై లెక్కపెట్టి, దించి, చెయ్యి కింద పరిచిన పాత పేపరు మీద ఎన్ని నూనె చుక్కలు పడ్డాయో చూసేవాడు. ఆ తర్వాతే కో థాన్ ఎక్కాలి.

కో థాన్ మా వీధిలో కింది అంతస్తు మనిషి, బర్మా వాడు, డిపోలో దీపాలు మార్చే వైర్‌మన్. 1979 నుంచి ఆ బుట్టలో ఎక్కేవాడు అతనే. ఆయన కింద లివర్ల దగ్గర, ఇతను పైన. ఆయన్ని 'సయా' అనేవాడు, అంటే గురువు. ఇద్దరూ ఒకే క్యారియరులో తినేవాళ్ళు. వీధిలో కో థాన్ గొప్పగా చెప్పుకునేవాడు: "మా సయా ఏటేటా బెల్జియం రబ్బరు మారుస్తాడు. పైన నిద్రపోయినా పడను."

బెల్జియం సంగతి ఆ రోజుల్లో మా వీధిలో అందరికీ తెలుసు. ఆ బండిని అమ్మిన కంపెనీవాళ్ళు 1960లో ఆయన్ని నాలుగు నెలలు అక్కడికి పిలిపించుకుని పని నేర్పారు. తర్వాత రెండేళ్ళకు ఈ దేశం తలుపులు మూసుకుంది, ఇక ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆ నాలుగు నెలలే ఆయన జీవితాంతం చెప్పాడు. 'మా కంపెనీ' అనేవాడు, తన తాత పెట్టినట్టు.

"మా కంపెనీ మొదలెట్టినోడు వడ్రంగి. పియర్ పళ్ళ తోటలకి నిచ్చెనలు సేసేవోడు. ఆఫీసు గోడ మీద ఫోటో ఉంది. ఆ ఫోటోలో ఒక చెయ్యి లేదు."

"ఎలా పోయింది?" అని ఎవరో అడిగేవారు, ప్రతిసారీ.

"నానూ అడిగినాను. ఒకడు యుద్ధం అన్నాడు. ఒకడు చిన్నప్పుడే అన్నాడు. ఇంకొకడు మాట మార్సేసినాడు. సొంత నిచ్చెన మీంచి పడ్డాడని నా అనుమానం. కాళీగా పంపడం అక్కడే మొదలైందని ఇంకో అనుమానం."

నిచ్చెనల తర్వాత ఆ కంపెనీ అగ్నిమాపక బళ్ళకు చక్రాల మీద తిరిగే మడత నిచ్చెనలు చేసిందట. యుద్ధంలో దేశాన్ని ఆక్రమించిన సైన్యం వాటిని తోలుకుపోయింది. యుద్ధం అయ్యాక పడి ఉన్న మిలిటరీ లారీలు కొని, వాటి మీద నూనెతో లేచే చేతులు బిగించడం మొదలెట్టింది. మా ఊరికి వచ్చింది ఆ తర్వాతి తరం బండి, ఆకుపచ్చ రంగుది.

1971 నుంచి ప్రతి జనవరిలో ఆయన నా దగ్గరికి వచ్చేవాడు. ఇంగ్లీషు చెవికి తెలుసు, చేతికి రాదు. వాషర్లు పంపమని ఉత్తరం నేను రాయాలి.

"సదవండి." చదివేదాన్ని. "'దయచేసి' అని రాసినారేటి?"

"మర్యాదకు."

"అవసరమున్నోడు దయసెయ్యమనడు సయామా, ఎప్పుడంపుతావని అడుగుతాడు. తీసేయండి."

1977 దాకా ఏటా జవాబు, దానితో పాటు చిన్న రేకు డబ్బాలో వాషర్లు వచ్చాయి. విదేశీ ఉత్తరాలను ప్రభుత్వం విప్పి చదివి అతికించేది. ఆయన కవరును ఎండకు ఎత్తి పట్టి జిగురు చూసేవాడు. "దీన్ని రెండుసార్లు అంటించినారు. ఒకసారి ఇక్కడ. రెండోది ఎక్కడ?" నాకేం తెలుస్తుంది?

ఉత్తరాల తలకట్టులో నిచ్చెన ఆనించిన పియర్ చెట్టు బొమ్మ ఉండేది. 1978 జవాబులో ఆ చెట్టు చిన్నదై మూలకు జరిగింది. మట్టి తవ్వే యంత్రాలూ క్రేన్లూ చేసే పెద్ద కంపెనీ ఒకటి తమను కొనుక్కుందని, పాత బళ్ళ వాషర్లు ఇక చెయ్యడం లేదని రాశారు. 1981లో చెట్టే లేదు, పసుపు గుండ్రం ఒకటి ఉంది. కొత్త బండి బొమ్మల పుస్తకం పంపారు. 1984లో వేరే ఊరి నుంచి, వేరే పేరుతో వచ్చింది. మీరు రాసిన నంబరు మా రిజిస్టరులో లేదు, ఆ బండి మేము చేసినదేనని మీకు నమ్మకమేనా, అని అడిగారు.

ఆయన ఆ కాగితాన్ని వేళ్ళతో చాలాసేపు తడిమాడు. "ఆల్లు సేసిన బండి ఆల్లదేనా అని మనల్ని అడుగుతున్నారు. రంగు మార్సిన కంపెనీని నమ్మకూడదు సయామా. ఏదో దాస్తన్నారు." అయినా మరుసటి జనవరిలో వచ్చాడు. ఆ తర్వాత నాలుగు ఉత్తరాలకు జవాబే లేదు.

ఆయన సైన్యం వేగేమోనన్న నా అనుమానానికి మూలం ఇక్కడ ఉంది. వాషర్లు 1977తో ఆగిపోయాయని ఆయన తర్వాత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక జత ఏడాది మించి ఆగదని నాతో రాయించింది ఆయనే. మరి పదకొండేళ్ళు బండి ఎలా నడిచింది? బయటి సరుకు తెప్పించుకోగలిగింది ఈ దేశంలో సైన్యం ఒక్కటే. కాబట్టి సైన్యంలో ఎవరో ఈయనకు వాషర్లు ఇస్తున్నారు. ఊరికే ఇవ్వరు. మూడు, నాలుగు అంతస్తుల కిటికీల్లోకి చూడగలిగే మనిషి వాళ్ళకు ఎందుకు కావాలో ఊహించడం కష్టం కాదు. ఒక్కో మెట్టూ సరిచూసుకున్నాను. ఎక్కడా తప్పు కనపడలేదు.

ఆగస్టు చివరికి సైనికులు వీధుల్లోంచి వెనక్కి తగ్గారు. ప్రతి వీధీ వెదురు కంచె వేసుకుని కమిటీ పెట్టుకుంది. మా కమిటీకి పెద్ద కో థాన్. బండి మన వీధిలో ఎందుకుందని అడిగితే, "డిపోని దోచుకుంటారని భయపడి తెచ్చానన్నాడు. నేను తెమ్మనలేదు" అని ముఖం తిప్పుకున్నాడు. ఒకే బండి మీద పనిచేసినందుకు అతన్ని కూడా కొందరు అదోలా చూస్తున్నారు. ఆయన మాత్రం రోజూ నది దాటి వచ్చి, ఏడూ పదికి ఖాళీ బుట్ట లేపి, దించి, పేపరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

నేను రాస్తూనే ఉన్నాను. ఆగస్టు 27, బుట్ట లేచింది, మధ్యాహ్నం కొత్త మనిషి ఒకడు ఇళ్ళ ఫోటోలు తీశాడు. ఆగస్టు 30, బుట్ట లేచింది, నది వైపు గోదాములో పొగ. సెప్టెంబరు 5, బుట్ట లేచింది, వీధి మొగలో బాటసారుల కోసం పెట్టిన నీళ్ళ కుండలో మందు కలిపారని పుకారు. ఏడోసారి రాశాక పుస్తకాన్ని దానమ్మకు చూపించాను. దానమ్మకు చూపించడమంటే వీధికి చూపించడమే. ఆ సంగతి నాకు తెలియదని అనలేను.

సెప్టెంబరు 10, శనివారం. బుట్ట ఇంకా పైనే ఉంది. దానమ్మ బాల్కనీలోంచి కేక వేసింది. "ఎవుడికి సూపిస్తన్నావు మావా? అక్కడెవుడు సూస్తన్నాడు?"

అరవై లెక్కపెట్టడం పూర్తి చేసి బుట్ట దించాక గాని ఆయన తల ఎత్తలేదు. అప్పటికి చుట్టూ నలభై మందికి పైగా చేరారు. కొందరి చేతుల్లో కత్తులు, కొందరి దగ్గర సైకిలు పుల్లలు నూరి చేసిన బాణాలు. ఆ వారంలో వేరే పేటల్లో వేగులని పట్టుబడినవాళ్ళు కొందరు ప్రాణాలతో ఇంటికి వెళ్ళలేదు. అది అందరికీ తెలుసు, ఆయనకు కూడా. మూసి ఉన్న టీ కొట్టు ముందు పొట్టి స్టూలు మీద ఆయన్ని కూర్చోబెట్టారు. పైన బాల్కనీ ఉంది. స్టూలును రెండడుగులు వీధిలోకి జరుపుకుని కూర్చున్నాడు.

కో థాన్ నన్ను పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చి ఏడు తేదీలూ గంటలతో సహా చదివాను. ఒక్కో తేదీకీ గుంపు కొంచెం ముందుకు జరిగింది.

చదవడం అయ్యాక ఆయన తెలుగులో అన్నాడు. "సయామా, ఒక లెక్క సెప్పండి."

"మీ భాషలో గుసగుసలొద్దు!" అని ఎవరో అరిచారు. ఆయన తల ఊపి బర్మా భాషలోకి మారాడు. బోల్టు మీద సుత్తితో తట్టి వింటున్నట్టుగా, ఒక్కో ప్రశ్నకూ మధ్య ఆగాడు.

"మొదటి రోజు నుంచి ఇవాళ్టికి ఎన్ని రోజులు?"

"పందొమ్మిది."

"మీరు చదివినవి?"

"ఏడు."

"మిగిలిన పన్నెండు రోజులు బుట్ట లేవలేదా?"

"లేచింది."

"ఎన్నింటికి?"

"ఏడూ పదికి."

"ఆ రోజుల్లో ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు" అన్నాను. "అందుకే రాయలేదు."

సున్నా వచ్చిన చోట సున్నా వెయ్యాలని నాలుగో తరగతి పిల్లలకు పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నదాన్ని. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కత్తి పట్టుకున్న ఒకతను దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

దానమ్మ వదల్లేదు. "బాగానే ఉంది. పని లేని బుట్టని రోజూ ఎందుకు లేపినట్టు? పూజకా?"

ఆయన కో థాన్ వైపు ఒకసారి చూసి, నేల చూశాడు. అంతవరకు భయం లేని ముఖంలో అప్పుడు భయం చూశాను. ఆ భయమే నేరానికి సాక్ష్యమనుకున్నాను. నా దగ్గరున్న రెండో సంగతి బయటపెట్టాను. ఉత్తరాలు నేనే రాశాను, 1977 తర్వాత కంపెనీ ఒక్క వాషరు పంపలేదు, మరి పదకొండేళ్ళుగా ఇస్తున్నదెవరు?

గుంపు ఒక్కసారిగా మాట్లాడింది. కో థాన్ చెయ్యెత్తి ఆపాడు. "సయా. ప్రతి ఏడూ కొత్త రబ్బరు వేశానన్నావు. డబ్బా చూపించేవాడివి."

"డబ్బా ఒక్కటే. రోజూ తుడిచి పెట్టేవాణ్ణి."

"లోపలున్నదేమిటి?"

ఆయన లేచాడు. ఇద్దరు పట్టుకోబోతే, "పానా ఇవ్వండి" అన్నాడు. ఇచ్చారు. ఇనప చెయ్యిని లారీ మీద పూర్తిగా ఆనించి, నూనె వదిలి, గొట్టం మూత విప్పడం మొదలెట్టాడు. ఎనిమిదీ ఐదుకు మొదలెడితే తొమ్మిదిన్నర అయింది. ఆ గంటా ఇరవై ఐదు నిమిషాలు ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. నూనె నేల మీద పడకుండా కింద డేకిసా పెట్టించుకున్నాడు. ఆ డేకిసా ఇచ్చింది దానమ్మే.

చివరికి తన చెయ్యి గొట్టం లోపలికి పెట్టి సాసరంత నల్లటి చక్రాన్ని బయటికి తీసి కో థాన్ చేతిలో పెట్టాడు. కో థాన్ దాన్ని వంచి చూశాడు, వాసన చూశాడు.

"తోలా?"

"గేదె తోలు. దలా అవతల ట్వంటే ఊళ్ళో డోళ్ళు కట్టేవాడు కోసిస్తాడు. సైకిలు పంపులో ఉండదా, తోలు వాషరు? అదే చూసి చేశాను. నూనెలో రోజూ కదిలితే మెత్తగా ఉంటుంది. కదలకపోతే ఆరి బిగుసుకుపోతుంది. మళ్ళీ లేపితే చీలిపోతుంది. అందుకే ఒక్క రోజు కూడా మానలేదు. సెలవుల్లో కూడా డిపోకి వచ్చేవాణ్ణి."

"నేను దీని మీద ఎక్కానా?"

"తొమ్మిదేళ్ళు."

"చెప్తే ఎక్కనని చెప్పలేదా?"

"ఆ" అన్నాడు ఆయన.

కో థాన్ మొదట నవ్వాడు. తర్వాత వీధి పక్క మురుగు కాలవ గట్టున కూర్చుని కాసేపు చేతులు చూసుకున్నాడు. లేచి గుంపుతో, "పొండి. ఈయన వేగు కాదు" అన్నాడు. ఆయన వైపు తిరిగి, "అబద్ధాలకోరువి, ఊ" అన్నాడు. ఊ అంటే పెద్దవాళ్ళకు పెట్టే మామూలు గౌరవమే, అయ్యగారూ అన్నట్టు. దారిన పోయేవాణ్ణి కూడా అలా పిలుస్తారు. సయా అనలేదు. మళ్ళీ అనలేదు కూడా.

ఆయన వాషరును తిరిగి బిగించి అడిగాడు. "రోజుకు ఒక్కసారి లేపనివ్వు. ఖాళీగానే."

"వద్దు. ఈ వీధిలో ఆ బుట్ట ఇక లేవకూడదు."

ఎవరి మాటా నమ్మని మనిషి ఆ మాట విన్నాడు. మర్నాటి నుంచి కూడా ఏడూ పదికి వచ్చాడు. లివరు ముట్టలేదు. గొట్టం మూత దగ్గర నూనె పోసి, గుడ్డతో అదిమి, బండి పక్కన కూర్చునేవాడు. కో థాన్ అటుగా వెళుతూ, వస్తూ ఉండేవాడు. మాట లేదు. సెప్టెంబరు 18, ఆదివారం సాయంత్రం సైన్యం మళ్ళీ అధికారం తీసుకుంది. మర్నాడు వీధుల్లో తుపాకులు మోగాయి, ఆయన నది దాటి రాలేకపోయాడు. 20న కో థాన్ సరిహద్దు అడవుల వైపు వెళ్ళిపోయాడని వాళ్ళమ్మ చెప్పింది.

అక్టోబరులో డిపో వాళ్ళు బండిని తోలుకుపోయారు. జరిగింది అక్కడి గుమాస్తా నాకు చెప్పాడు. కొత్త అధికారి వైర్‌మన్‌ను వెంటనే ఎక్కమన్నాడట. ఈయన బుట్టకు అడ్డంగా నిలబడి ముందు ఖాళీగా పంపాలన్నాడట. పంపారు. పైదాకా లేచి, నలభై లెక్కపెట్టేసరికి చెయ్యి కూలింది. కింద ఎవరూ లేరు, లోపల ఎవరూ లేరు. విప్పి చూస్తే తోలు రెండు ముక్కలు. ఆయన్ని ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేశారు.

నేను దలాకు ఒకే ఒక్కసారి వెళ్ళాను, 1997 జనవరిలో. పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "ఏ పడవలో వచ్చినారు?" అన్నాడు. చెప్పాను. "దానికి అడుగున అతుకుంది. ఎల్లేటప్పుడు వేరేది ఎక్కండి." నేను తెచ్చిన అరిసెల డబ్బా మూత తీసి, వాసన చూసి, నన్ను ముందు తినమన్నాడు. తిన్నాను. అప్పుడు తీసుకున్నాడు.

నేను చెప్పాలనుకున్నది మొదలెట్టాను. ఆయన అడ్డుపడ్డాడు. "మీరు సదివింది అబద్ధం కాదు సయామా. నాను సెప్పిందే అబద్ధం. వాసరు ముక్క ఆడి సేతిలో పెట్టేదాకా ఆడు నన్ను నమ్మినాడు."

"చెప్పి ఉంటే ఏమయ్యేది?"

"ఎక్కేవోడు కాదు. దీపాలు ఎలిగేవి కాదు." ఇంజను మీద తట్టి విన్నాడు. "ఆడికి నానే కంపెనీ. నాను కూడా రంగు మార్సినట్టే అయ్యింది."

ఈ ఏడాది ఉత్తరం రాయనా అని అడిగాను. వద్దన్నాడు. "ఆల్ల పుస్తకంలో మనం లేం." నా వైపు చూడకుండా, "కో థాన్ కబురేటైనా?" అన్నాడు. లేదన్నాను. పడవ దాకా వచ్చాడు. నేను ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టి దాన్ని వెళ్ళనిచ్చి, తర్వాతిది ఎక్కించాడు.

పోయినవి ఇవి. బండి ఒకటి, 1988 అక్టోబరులో తుక్కు కింద రాశారు. ఉద్యోగం ఒకటి, ముప్ఫై ఏళ్ళది. కంపెనీకి రాసిన ఉత్తరాలు పద్దెనిమిది. మా వీధిలో దీపాలు పదకొండు, 1990 చివరికి వెలుగుతున్నవి రెండు. కో థాన్, వయసు ముప్ఫై మూడు, తిరిగి రాలేదు. సెప్టెంబరు 11 నుంచి 18 వరకు ఆ ఇద్దరూ ఒకే వీధిలో ఉండి మాట్లాడుకోని రోజులు, ఎనిమిది.